లిస్టులో లేని విషం

ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన ఉద్యోగం ఏమిటని అడిగితే ఒక్క మాటలో చెబుతాను: నీళ్ళల్లో ఏమీ లేదని రాయడం. నవ్వకండి. దానికోసం ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదవాలి, ఒక ఫ్లాటు ఖరీదు చేసే మిషను ముందు రోజంతా కూర్చోవాలి, నడుం నొప్పి తెచ్చుకోవాలి. నీళ్ళల్లో ఏదో ఉందని రాస్తే ఎవరూ సంతోషించరు. ఏమీ లేదని రాస్తే అందరూ థాంక్యూ మేడం అంటారు. మా భాషలో దాన్ని 'నాట్ డిటెక్టెడ్' అంటాం. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఈ మధ్య ఇంటికి వచ్చి, మీ అనుభవాలు చెప్పండి మేడం అంటున్నారు. వాళ్ళకు కావలసింది మిషన్ల సంగతి. నేను చెప్పబోయేది ఒక వంటాయన సంగతి. మధ్యలో మిషను కూడా వస్తుంది, కంగారు పడకండి.

ఖతర్‌లో వరల్డ్ కప్పు కోసం ఊరంతా తవ్విపోసిన రోజులవి. మా ల్యాబు ఇండస్ట్రియల్ ఏరియాలో ఉండేది. ఒక పక్క టైర్ల షాపు, ఇంకో పక్క జనరేటర్లు బాగుచేసే షెడ్డు, మధ్యలో మేము. తలుపు తీస్తే దుమ్ము, మూస్తే రబ్బరు వాసన. ఆ వాసనలో కూర్చుని నీళ్ళల్లో కంటికి కనిపించని కల్తీ కోసం వెతికేవాళ్ళం. కప్పు పుణ్యమా అని అందరికీ ఒక్కసారిగా శుభ్రత మీద ప్రేమ పుట్టుకొచ్చింది. స్టేడియం గడ్డికి పోసే నీళ్ళకి సర్టిఫికెట్టు, ఆఫీసుల ముందు ఫౌంటెన్ నీళ్ళకి సర్టిఫికెట్టు, కూలీల క్యాంపుల్లో తాగే నీళ్ళకీ సర్టిఫికెట్టు. అన్నిట్లోకీ గడ్డిది మహర్దశ. గడ్డి కొంచెం పచ్చదనం తగ్గితే విమానాల్లో నిపుణులు దిగేవారు. మనుషులు పడిపోతే క్లినిక్కులో సెలైను పెట్టి, యల్లా, డ్యూటీకి వెళ్ళమనేవారు.

మా మేనేజరు తెలుగువారే, అందులోనూ మా కోస్తా మనిషే. కాబట్టి నాతో ఇంగ్లీషులోనే మాట్లాడేవారు. తెలుగులోకి దిగారంటే ఎక్కడో భయపడ్డారని మేము అర్థం చేసుకునేవాళ్ళం. దేవుడి గదిలో ఆయన ఎంతసేపు కూర్చునేవారో నాకు తెలియదు గానీ, ఆఫీసులో ఆయన భక్తి అంతా ఒక లిస్టు మీద. మా ల్యాబు ఏయే పురుగుమందుల్ని పరీక్షించి సర్టిఫికెట్టు ఇవ్వవచ్చో అధికారికంగా ఒప్పుకున్న లిస్టు అది. దాన్ని 'స్కోపు' అనేవారు. ఆయన సిద్ధాంతం చాలా సులువు. స్కోపులో లేనిది లోకంలో లేదు.

మిషను చేసేది కూడా బ్రహ్మవిద్యేమీ కాదు. నీళ్ళల్లో ఉన్న అణువుల్ని తూస్తుంది. మనం అడిగిన బరువున్నదాన్ని లోపలికి రానిచ్చి, గుద్ది ముక్కలు చేసి, ఆ ముక్కల్నీ తూస్తుంది. మొత్తం బరువూ ముక్క బరువూ రెండూ సరిపోతే ఫలానా మందు ఉందని చెబుతుంది. అడగనివి దాని ఎదురుగా నడిచి వెళ్ళినా తల తిప్పి చూడదు. ఈ ఒక్క విషయంలో మిషనుకీ మా మేనేజరుకీ చక్కగా కుదిరింది.

ఇక శాంపిళ్ళు తెచ్చేది భాయ్. నిజామాబాదు జిల్లా మనిషి, మా వ్యాను డ్రైవరూ ఆయనే. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, గేట్ల దగ్గర అరబ్బీ. ఇండస్ట్రియల్ ఏరియాలో ఏ క్యాంపులో ఎవరికి జ్వరమొచ్చిందో, ఎవరికి పిల్ల పుట్టిందో ఆయనకు తెలియకుండా ఉండేది కాదు.

ఒక సోమవారం భాయ్ పక్క వీధి క్యాంపు నుంచి తొట్టి నీళ్ళు సీసాల్లో పట్టి తెచ్చాడు. రోడ్లు వేసే కంపెనీ వాళ్ళ క్యాంపు అది. ఉన్నవాళ్ళలో ఎక్కువమంది జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్ళు. వాళ్ళల్లో చాలామందికి వాంతులు పట్టుకున్నాయట. క్లినిక్కులో ఫుడ్ పాయిజనింగ్ అని రాసేశారు. అయినా నీళ్ళు కూడా బాగున్నాయని ఒక కాగితం ఉంటే ఫైలు నిండుగా కనిపిస్తుందని క్యాంప్ బాస్ మాకు పంపించాడు. క్యాంప్ బాస్ అంటే మంచాలు, మెస్సు, నీళ్ళు, తాళాలు అన్నీ చూసుకునే పెద్దమనిషి. క్యాంపులో మనుషులు తుమ్మాలన్నా ఆయనకు చెప్పి తుమ్మాలి.

లిస్టు ప్రకారం పరీక్ష చేశాం. లిస్టు ప్రకారం ఏమీ లేదు. మేనేజరు సంతకం పెట్టారు, రిపోర్టు వెళ్ళిపోయింది.

బుధవారం మధ్యాహ్నం టీ తాగుతుంటే భాయ్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"మేడం, ఆ క్యాంపుల వంటాయన ఉన్నడు గదా, మా దిక్కు మనిషే, జగిత్యాల. ఆయన్ని ఇంటికి పంపుతున్నరు. శనివారం సాయంత్రం ఫ్లైట్. ఖలాస్."

"ఎందుకు?"

"అన్నంల ఏదో కలిపిండంట. అందరికి వాంతులైనయి, ఆయనకొక్కనికే గాలె. దాని మీద పట్టుకున్నరు. నీ వంట నువ్వు తినలేదంటే నీకు ముందే ఎర్కనే ఉండె అంటుండు బాస్."

"నిజంగా తినలేదా?"

"తిన్నడు మేడం, కసం తిని చెప్తుండు. ఎవ్వరు వింటలేరు. ఏండ్లకేండ్లు ఆయన చేతి అన్నం తిన్నోళ్ళే ఆయనతోని మాట్లాడ్తలేరు. ఊర్లెకు గూడ ఫోన్లు పోయినయి, దుబాయ్‌ల అన్నంల విషం పెట్టిండు అని."

మేము ఉన్నది ఖతర్‌లో. అయినా ఆ ఊళ్ళకు సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే కాబట్టి, ఈ పాపం కూడా దుబాయ్ ఖాతాలోకే వెళ్ళింది. వంట చేసి బతికే మనిషి మీద అన్నంలో విషం పెట్టాడన్న మాట పడ్డాక ఊళ్ళో మాత్రం ఎవరు పిలుస్తారు? పెళ్ళికి పిలుస్తారా, చావుకి పిలుస్తారా? విమానం ఎక్కించడమంటే ఉద్యోగం తీసేయడం ఒక్కటే అయితే నేను ఆ టీ తాగేసి ఊరుకునేదాన్నేమో. ఇది మనిషి చేతిని తీసేయడం.

వాంతులు తప్ప ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాను.

"ఒల్లంత చెమట. నోట్ల ఉమ్మి ఊరుడే ఊరుడు. కండ్లు మసక మసక అంటున్నరు. ఒకాయనను దగ్గర్నుంచి చూసిన, నల్లగుడ్డు సూది మొనంత అయి ఉండె."

నా చేతిలో టీ కప్పు కింద పెట్టేశాను. నేను గుంటూరు జిల్లాలో పత్తి చేల మధ్య పెరిగినదాన్ని. చిన్నప్పుడు ఒకసారి మా చేలో మందు కొట్టిన మనిషిని మా అరుగు మీద పడుకోబెట్టారు. చొంగ కారిపోతోంది, చొక్కా చెమటకి తడిసి ముద్దయింది, కళ్ళల్లో నల్లగుడ్డు ఆవగింజంతే ఉంది. ట్రాక్టరు మీద గుంటూరు తీసుకెళ్ళి ఇంజెక్షన్లు చేయిస్తే బతికాడు. పాచిపోయిన కూర తిన్నవాడికి కడుపు పాడవుతుంది, కళ్ళు అలా అవవు. క్లినిక్కులో వాళ్ళకి ఈ సంగతి తెలియదని కాదు. వచ్చినవాళ్ళ కళ్ళల్లోకి చూసే తీరిక లేదు, అంతే.

"క్యాంపులో ఈ మధ్య మందేమైనా కొట్టారా భాయ్?"

"కొట్టకుంటే ఎట్ల మేడం? ఇన్‌స్పెక్షన్ వస్తుంది గదా."

ఇన్‌స్పెక్షన్ అనే మాటకు అక్కడ చాలా శక్తి ఉండేది. కప్పు పనులు చేసే కంపెనీల క్యాంపుల్ని చూడటానికి సూట్లు వేసుకున్నవాళ్ళు వస్తారు. వాళ్ళు వచ్చే ముందు గోడలకు రంగు పడుతుంది, పరుపులకు కొత్త కవర్లు వస్తాయి, ఏడాదంతా కూలీల రక్తం తాగిన నల్లులకు మందు పడుతుంది, నీళ్ళ తొట్టిలో క్లోరిన్ పడుతుంది. వాళ్ళు వెళ్ళిపోయాక కవర్లు తీసి లోపల పెడతారు. నల్లులు కూడా అర్థం చేసుకుని కొన్నాళ్ళు సెలవు తీసుకుంటాయి.

వంటింట్లో ఏ నీళ్ళు వాడతారని అడిగితే భాయ్ చెప్పాడు, మెస్సుకు రూలు ప్రకారం డబ్బా నీళ్ళు, గదుల దగ్గర మంచినీళ్ళ కూలర్లకి తొట్టి నీళ్ళు. నాకు ఒళ్ళు మండింది. వంటాయన వంటింట్లోనే ఉంటాడు, డబ్బా నీళ్ళే తాగుతాడు, అందుకే ఆయనకేమీ కాలేదు. ఆయన వంట తప్పు కాదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. దాన్ని పట్టుకుని ఆయన మీదే కేసు పెట్టారు.

క్యాంపులోకి ఆడవాళ్ళను రానివ్వరు కాబట్టి భాయ్ ఫోనులో వంటాయనతో మాట్లాడాను. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. అలిసిపోయిన మనిషి గొంతు.

"మందు కొట్టెటోళ్ళు డాబా మీద డ్రమ్ముల మందు కలిపిండ్రు మేడం. నీళ్ళ పైపు డ్రమ్ములనే ముంచి ఇడిసిపెట్టి, కిందికి చాయ్‌కి పోయిండ్రు. అంతల మోటరు బందయింది. వాళ్ళు మల్ల ఎక్కి చూసేసరికి డ్రమ్ము ఖాళి. ఎవడు పారవోసిండురా అని నన్నే తిట్టిండ్రు. నేను ఊకున్న."

మోటరు ఆగిందంటే పైపులో పైకెక్కిన నీళ్ళు వెనక్కి జారతాయి, పోతూ పోతూ డ్రమ్ములో ఉన్నదాన్ని లాక్కుపోతాయి. మందు ఎవరూ పారబోయలేదు. కింద తొట్టిలోకి వెళ్ళింది. ఏం మందని అడిగితే డబ్బా మీద బొమ్మ చెప్పాడు, ఊళ్ళో కూరగాయలకు కొట్టేదే అన్నాడు. మలాథియాన్. అది మా లిస్టులో ఉంది. మా పరీక్షలో లేదు. ఈ రెంటికీ ఎలా కుదురుతుంది?

పిల్లలూ, ఇక్కడ కాస్త కెమిస్ట్రీ భరించాలి. మలాథియాన్ అణువులో ఒకచోట గంధకం ఉంటుంది. దాన్ని క్లోరిన్ బాగా వేసిన నీళ్ళల్లో పెడితే కొద్దిసేపట్లో ఆ గంధకం ఊడిపోయి దాని స్థానంలో ఆక్సిజన్ వచ్చి కూర్చుంటుంది. అప్పుడది మలాక్సాన్. మనిషి నరాలకు అమ్మకన్నా ఈ పిల్ల చాలా రెట్లు ప్రమాదం. మన క్యాంప్ బాస్, ఇన్‌స్పెక్టర్లకు మురిపెంగా ఉంటుందని, తొట్టిలో ఈతకొలను స్థాయిలో క్లోరిన్ పోయించాడు. అంటే శుభ్రత కోసం పడ్డ శ్రమతో ఉన్న విషాన్ని ఇంకా చిక్కటి విషం చేసి, అదే చేత్తో మా మిషనుకి కనిపించకుండా దాచిపెట్టాడు. కావాలని చేసినా అంత బాగా కుదరదు.

ఇంకో సంగతి ఉంది. ఆ ఎండలకి అది నీళ్ళల్లో ఎక్కువ రోజులు నిలవదు, మెల్లగా దానంతట అదే విరిగిపోతుంది. పైగా తొట్టిలో రోజూ కొత్త నీళ్ళు కలుస్తుంటాయి. అంటే ఇంకొన్నాళ్ళకు మనుషులు బాగుపడతారు. అప్పటికి వంటాయన ఊళ్ళో ఉంటాడు. ఆయన వెళ్ళగానే రోగం పోయింది, చూశారా అంటారు. ఆ తర్వాత దేవుడు దిగి వచ్చి చెప్పినా ఎవరూ నమ్మరు.

పరీక్ష చేశాక మిగిలిన నీళ్ళను కొన్నాళ్ళు ఫ్రిజ్‌లో ఉంచడం మా రూలు. మా ల్యాబులో నాకు నచ్చిన రూలు అదొక్కటే. శుక్రవారం సెలవు, మిషను ఖాళీ. ఫరీజ్ బిన్ మహమూద్‌లో మా ఇంటి దగ్గర నుంచి భాయ్ నన్ను వ్యానులో తీసుకొచ్చాడు. ఆ సీసా బయటికి తీశాను.

మామూలుగా మిషనుని 'ఈ బరువు ఉందా' అని అడుగుతాం. ఆ రోజు ప్రశ్న తిరగేశాను. మలాథియాన్‌ని గుద్దితే నూట ఇరవై ఏడు బరువున్న ముక్క ఒకటి ఊడిపడుతుంది. దాని పిల్లలోనూ అదే ముక్క ఉంటుంది. కాబట్టి 'ఈ ముక్క ఎవరిలోంచి ఊడినా సరే, వాళ్ళ పూర్తి బరువు చెప్పు' అని అడిగాను. మిషను ఒక గీత గీసింది. మలాథియాన్ ఉంటే మూడు వందల ముప్పై ఒకటి రావాలి. అక్కడ చదునుగా ఉంది. మూడు వందల పదిహేను దగ్గర మాత్రం గీత నిటారుగా లేచి నిలబడింది. గంధకం పోయి ఆక్సిజన్ వస్తే తగ్గేది సరిగ్గా ఆ పదహారే.

మలాక్సాన్ అసలు సరుకు మా దగ్గర లేదు. తెప్పించాలంటే యూరప్ నుంచి రావాలి, వచ్చాక కస్టమ్స్‌లో విశ్రాంతి తీసుకోవాలి. అందుకని భాయ్‌ని పక్క బకాలాకు, అదే కిరాణా కొట్టుకు, పంపి బట్టలకు వాడే బ్లీచు తెప్పించాను. మా దగ్గరున్న మలాథియాన్ చుక్కని మంచినీళ్ళల్లో వేసి, బ్లీచు కలిపి, ఒక టీ తాగే వరకు ఆగి, క్లోరిన్ చంపే ఉప్పు చిటికెడు వేసి మిషనులోకి పంపాను. మలాథియాన్ మాయమైంది. మూడు వందల పదిహేను లేచింది. మిషనులోంచి ఒక్కో పదార్థం తనకంటూ ఉన్న నిమిషానికే బయటపడుతుంది; ఇది క్యాంపు నీళ్ళల్లో ఏ నిమిషానికి వచ్చిందో అదే నిమిషానికి వచ్చింది.

"దొరికినట్లేనా మేడం?" అన్నాడు భాయ్ నా భుజం మీదుగా చూస్తూ.

"దొరికింది."

"మరి వంటాయన బచాయించినట్లేనా?"

మేనేజరుకు ఫోను చేశాను.

ఆయన పిల్లలతో ఏదో మాల్‌లో ఉన్నారు. సగం షాపింగులో లేపినందుకు మొహం మాడ్చుకుని వచ్చారు. గీతలు చూపించాను. ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాను. ఆయన మంచి కెమిస్టు, ఆ మాట కాదనను. చూడగానే అర్థమైంది. అర్థమైందని నాకెలా తెలిసిందంటే తెలుగులోకి దిగారు.

"ఇది మన స్కోపులో లేదు కదమ్మా."

"నీళ్ళల్లో ఉంది కదా సార్."

"నీళ్ళల్లో ఉంటే సరిపోదమ్మా. లిస్టులో ఉండాలి. అసలు స్టాండర్డు తెప్పించాలి, మెథడు నిరూపించాలి, ఆడిటరు రావాలి, అప్పుడు లిస్టులో చేరుతుంది. అప్పుడు రాద్దాం. ఇప్పుడు బట్టల బ్లీచుతో చేశామని రిపోర్టు ఇమ్మంటారా? నన్ను బట్టల్లాగే ఉతుకుతారు."

"ఆ నీళ్ళు ఇవాళ కూడా తాగుతున్నారు సార్."

ఆయన కాసేపు గది అటూ ఇటూ తిరిగారు. తర్వాత ఫోను తీశారు. "రిపోర్టు ఇవ్వలేను. ఫోనుకి అక్రిడిటేషన్ అక్కర్లేదు," అని నా ముందే క్యాంప్ బాస్‌కి ఫోను చేసి, తొట్టి ఖాళీ చేసి కడిగించమని, పడ్డవాళ్ళకి పెద్దాసుపత్రిలో రక్త పరీక్ష చేయించమని చెప్పారు. కారణం మాత్రం చెప్పలేదు. ముందుజాగ్రత్త అన్నారంతే. ముందుజాగ్రత్త అంటే అక్కడ ఎవరూ అడ్డు చెప్పరు. ఇన్‌స్పెక్షన్ దగ్గర పడుతోంది కదా, ఆ సాయంత్రానికే తొట్టి కడిగేశారు. రక్త పరీక్షకి మాత్రం ఎవరినీ పంపలేదు. తొట్టి కడగడానికి సెలవు పెట్టక్కర్లేదు, మనుషుల్ని ఆసుపత్రికి పంపాలంటే డ్యూటీ పోతుంది.

"అయిపోయింది కదమ్మా, ఇంక ఎవరికీ ఏమీ కాదు," అన్నారు మేనేజరు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని.

"వంటాయన?"

"వంటాయన మన స్కోపులో లేడమ్మా."

అప్పుడు నేనేమన్నానో పూర్తిగా రాయను. గుంటూరు జిల్లా భాషలో అన్నాను, ఆయనకు బాగానే అర్థమైంది. ఇప్పుడు ఇంకా పాడయింది సార్ అన్నాను చివరికి. నీళ్ళు మారాయి, రేపు మనిషి కూడా పోతున్నాడు, ఎల్లుండి అందరూ లేచి కూర్చుంటారు, ఏది పోతే రోగం పోయిందో ఎవరు చెబుతారు? తొట్టి కడిగించి మనమే ఆయన్ని దొంగని చేశాం అన్నాను. ఆయన కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయారు.

శనివారం పొద్దున్నే భాయ్‌తో క్యాంపుకి వెళ్ళాను. నీళ్ళ శాంపిలు తీసుకోవాలని చెబితే గేటు దగ్గర ఆపి, చివరికి ఆఫీసు గదిలోకి రానిచ్చారు. గోడ మీద, వరల్డ్ కప్పు బొమ్మ పక్కన, మా ల్యాబు రిపోర్టు ఫ్రేము కట్టించి ఉంది. ఏమీ లేదు, ఏమీ లేదు అని వరసగా. క్యాంప్ బాస్ నాకు సీసా నీళ్ళు ఇచ్చి, తనూ సీసా నీళ్ళే తాగుతూ, కలగలుపు హిందీలో మాట్లాడాడు.

"మేడం, నీళ్ళు మీరే పాస్ చేశారు. తప్పు వంటవాడిది. వాడు రాత్రికల్లా పోతాడు. మాఫీ ముష్కిల్, ఇంక ఏ ఇబ్బందీ లేదు."

నిజం చెప్పి ఆ మనిషిని కదిలించవచ్చని అనుకుని వెళ్ళాను. ఆ మొహం చూశాక ఆ ఆశ పోయింది. విషం గురించి చెప్పాను, విన్నాడు. మనుషుల గురించి చెప్పాను, గడియారం చూశాడు. అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. ఇక్కడ నిజం నిలబడాలంటే దానికో సబ్-కాంట్రాక్టరు కావాలి.

"వంటవాడు మీ కంపెనీ మనిషే కదండీ?" అన్నాను. "మీ మనిషి మీ మెస్సులో విషం పెట్టాడంటే, ఇన్‌స్పెక్షన్ వాళ్ళు మెస్సు ఎవరి కింద ఉందని అడుగుతారు. మందు కొట్టినవాళ్ళు బయటి కంపెనీ. పైపు డ్రమ్ములో వదిలేసి టీకి వెళ్ళింది వాళ్ళు. మీకేం సంబంధం? మీరు పైగా క్లోరిన్ కూడా వేయించారు."

క్యాంప్ బాస్ సీసా కింద పెట్టాడు. ఒక్క నిమిషంలో ఆయన సైన్సు మీద ఎంత ఇష్టం పెంచుకున్నాడో చెప్పలేను. పైపు గురించి మళ్ళీ చెప్పించుకున్నాడు. డాబా మీదకి మనుషుల్ని పంపి చూపించమన్నాడు. మందు వాళ్ళ మీద తనకు మొదటి నుంచీ అనుమానమే అన్నాడు. రక్త పరీక్షకి అప్పటికప్పుడు బండి పెట్టించాడు. అయితే ఇదంతా ల్యాబు వాళ్ళు కాగితం మీద రాసివ్వాలి, లేకపోతే టికెట్టు టికెట్టే అన్నాడు.

మళ్ళీ మేనేజరు దగ్గరికి. ఈసారి నేను అరవలేదు, అరవడానికి గొంతు లేదు. కంప్యూటరు ముందు కూర్చుని ఆయన చాలాసేపు టైపు చేశారు. చివరికి ఒక కాగితం ప్రింటు తీసి ఇచ్చారు. పైన పెద్ద అక్షరాలతో 'ఇది రిపోర్టు కాదు' అని ఉంది. కింద కూడా ఉంది. మధ్యలో ప్రతి పేరాలోనూ ఉంది. వాటి సందుల్లో, మలాక్సాన్ ఆనవాళ్ళు కనిపించాయని, మందు నీళ్ళల్లో కలిసి ఉండవచ్చని, వంటకు వాడే నీళ్ళు వేరు కాబట్టి వంటింటిని అనుమానించడానికి ఆధారం లేదని ఉంది. అడుగున ఆయన సంతకం, ఆయన పూర్తి పేరుతో. భయపడి పెట్టారో, రాత్రంతా నిద్ర లేక పెట్టారో, మంచితనంతో పెట్టారో నేను అడగలేదు. నాకు ఆ సంతకం మీద చాలా గౌరవం కలిగింది. ఆ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, చెబితే ఇంగ్లీషులో ఏదో అనేవారు.

రక్త పరీక్షలు కూడా అదే చెప్పాయి. వంటాయన సంచి సర్దుకుని గేటు దగ్గర బండి కోసం నిలబడి ఉంటే, వెనక్కి రమ్మని పిలిచారు. మందు కంపెనీ వాళ్ళు తప్పు పైపుదన్నారు. పైపు కంపెనీ వాళ్ళు ఏమన్నారో నేను కనుక్కోలేదు. ఇన్‌స్పెక్షన్ దివ్యంగా జరిగింది. క్యాంపుకి శుభ్రతలో మెచ్చుకోలు వచ్చింది, క్యాంప్ బాస్ ఫోటో కూడా దిగాడు.

కథ ఇక్కడ అయిపోయిందని ఇంటికెళ్ళి పడుకున్నాను. అయిపోలేదని తర్వాతి గురువారం భాయ్ చెప్పాడు.

"మేడం, వంటాయన వండుతుండు గని ఎవ్వరు తింటలేరు. బకాలా నుంచి కుబ్బూస్ రొట్టెలు, పెరుగు తెచ్చుకుని గదులల్ల తింటున్నరు. నోటీస్ పెట్టిండ్రు, ఇంగ్లీషుల, అరబ్బీల. ఎవ్వరికి సమజ్ అవుతది? ఆయన మల్ల ఇంటికే పోత అంటుండు."

నాకు అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. అంత మిషను, అంత గొడవ, అంత పెద్ద సంతకం, అన్నీ కలిపి ఒక మనిషిని క్యాంపు గేటు లోపలికి తేగలిగాయి. అన్నం వడ్డించే గరిటె దగ్గరికి తేలేకపోయాయి.

శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళాను. నీళ్ళ శాంపిలు అనే చెప్పాను. క్యాంప్ బాస్ ఇప్పుడు నాకు స్నేహితుడు, మెస్సు దాకా తనే తీసుకొచ్చాడు. సెలవు రోజు కాబట్టి మనుషులందరూ ఉన్నారు, లుంగీల్లో, బనీన్లలో. కొందరు పొట్లాలు విప్పుకుని బల్లల దగ్గర కూర్చున్నారు. అవతల పెద్ద గిన్నెల వెనక ఒక బక్కపల్చని మనిషి, యాభై దాటి ఉంటాయి, తెల్ల టోపీ పెట్టుకుని గరిటె పట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ని నేను చూడటం అదే మొదటిసారి. గిన్నెలు నిండుగా ఉన్నాయి. ముందు ఒక్కరూ లేరు.

నేను ఒక పళ్ళెం తీసుకున్నాను. భాయ్ ఒకటి తీసుకున్నాడు.

"మీరెందుకు మేడం," అన్నాడు వంటాయన మెల్లగా.

"ఆకలేస్తోంది," అన్నాను.

అన్నం, కోడి పులుసు పెట్టాడు. కూలరు దగ్గర నీళ్ళు పట్టుకున్నాను. ఆ వారంలో ఆ నీళ్ళని రెండుసార్లు పరీక్షించాను, లిస్టుతో సంబంధం లేకుండా. మధ్య బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. గుంటూరుదాన్నైన నాకే ఆ పులుసు కారానికి కళ్ళు నీళ్ళు తిరిగాయి. రెండోసారి పెట్టించుకున్నాను. అందరూ చూస్తున్నారు. ఎవరూ లేవలేదు. వాళ్ళను నేను తప్పుపట్టను. నేనొక పూట తిని వెళ్ళిపోయేదాన్ని, వాళ్ళు రోజూ తినాలి.

భాయ్ చేయి కడుక్కోవడానికి లేచాడు. అప్పుడు గోడ పక్కన బల్ల దగ్గర నుంచి ఒక కుర్రాడి వయసు దాటని మనిషి లేచాడు. భాయ్ నాతో చెప్పిన ఆ సూదిమొన కళ్ళ మనిషి ఆయనేనట. కళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నాయి. చేతిలో పెరుగు డబ్బా బల్ల మీద పెట్టేసి, పళ్ళెం తీసుకుని గిన్నెల దగ్గరికి వెళ్ళాడు. పళ్ళెం చాపలేదు. ఛాతీకి ఆనించుకుని నిలబడ్డాడు.

"కాకా, ఆ దినం బాస్ అడిగితే నీ పేరు చెప్పింది నేనే."

పళ్ళెం అంచుని బొటనవేలితో రుద్దుతూ మళ్ళీ అన్నాడు.

"కండ్లు కనవడకపాయె. సస్తనేమో అని భయమైంది. ఎవలదో ఒకలది పేరు చెప్పుమన్నరు. చెప్పిన."

వంటాయన గరిటె గిన్నెలో పెట్టి అటూ ఇటూ తిప్పాడు. అడుగు నుంచి ఒక మంచి ముక్క వెతికి తీశాడు.

"నాకు ఎర్కనే," అన్నాడు. "పల్లెం సక్కగ వట్టు, పులుసు కారుతది."

ఆ కుర్రాడి వెనకే ఇంకొకతను పళ్ళెం తీసుకుని లేచాడు.